ఒక్క డాక్టరు క్లినిక్‌లో ఓపీ టైమ్‌కి ముగియాలంటే

బోర్డు మీద సాయంత్రం ఓపీ 5:30 అని ఉంటుంది. ఐదింటికే వరండా నిండిపోతుంది. డాక్టరు గారు ఆరింటికి కూర్చుంటారు, చివరి పేషెంటు పదిన్నరకి బయటపడతాడు. బయట జనం ఎంత ఎక్కువుంటే ప్రాక్టీసు అంత బాగా నడుస్తున్నట్టని మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. నాకైతే ఆ వరండాలో కనిపించేది డిమాండు ఒక్కటే కాదు. సగం మంది రిపోర్టు చూపించడానికి వచ్చినవాళ్లు, కొందరు పాత మందులే మళ్లీ రాయించుకోవడానికి వచ్చినవాళ్లు, ఇంకొందరు పొద్దున రాసిన చీటీలో అక్షరం అర్థం కాక తిరిగొచ్చినవాళ్లు.

ఒక డాక్టరు, ఇద్దరో ముగ్గురో స్టాఫ్, రోజుకి నలభై నుంచి అరవై మంది పేషెంట్లు ఉండే జనరల్ ఫిజీషియన్, పిల్లల డాక్టరు, ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌ల కోసం ఇది రాస్తున్నాను. అలాంటి చోట కుర్చీలు పెంచుకోవచ్చు, ఏసీ పెట్టుకోవచ్చు, ఇంకో కాంపౌండర్‌ని పెట్టుకోవచ్చు. పెంచుకోలేనిది డాక్టరు సమయం ఒక్కటే. కాబట్టి కింద చెప్పే ప్రతి అడుగులోనూ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ పని డాక్టరు గదిలోనే జరగాలా, లేక పేషెంటు లోపలికి రాకముందో బయటికెళ్లాకో ఇంకొకరు చేయొచ్చా?

మొదటి అడుగు: ఒక వారం కొలవండి

సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఒక తెల్ల కాగితం చాలు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ప్రతి పేషెంటుకీ నాలుగు గడులు నింపాలి: క్లినిక్‌కి వచ్చిన టైమ్, డాక్టరు గదిలోకి వెళ్లిన టైమ్, బయటికొచ్చిన టైమ్, ఎందుకు వచ్చారు. ఆఖరి గడికి పొడి అక్షరాలు పెట్టుకుంటే సరిపోతుంది. కొత్త జబ్బుకి ‘కొ’, రివ్యూకి ‘రి’, రిపోర్టు చూపించడానికి ‘రిపో’, మందులు కొనసాగించడానికి ‘మం’, సర్టిఫికెట్టుకి ‘స’.

వారం తర్వాత ఈ కాగితాల్లోంచి మూడు విషయాలు తీయండి. పేషెంటుకి సగటున ఎంతసేపు పడుతోంది? ఏ గంటలో జనం ఎక్కువ? ఏ రకం పేషెంట్లు ఎంతమంది?

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 5:30 నుంచి 9 దాకా అంటే 210 నిమిషాలు. నలభై మంది, ఒక్కొక్కరికి సగటున 7 నిమిషాలైతే 280 నిమిషాలు కావాలి. అంటే మీరు సరిగ్గా టైమ్‌కి మొదలుపెట్టినా, మధ్యలో కాఫీ కూడా తాగకపోయినా 10:10కి గానీ ముగియదు. ఇది ఎవరి బద్ధకం వల్లా కాదు, లెక్కే అలా ఉంది. ఇప్పుడు ఒక్కో పేషెంటు దగ్గర నిమిషంన్నర తగ్గించగలిగితే 5.5 నిమిషాల చొప్పున 220 నిమిషాలు, అంటే 9:10. రోగితో మాట్లాడే సమయంలోంచి ఆ నిమిషంన్నర కోయొద్దు. కోయకుండా ఎక్కడ దొరుకుతుందో మూడో అడుగులో వస్తుంది.

కొలిచే వారంలో మరో పని కూడా చేయండి. డాక్టరు గదిలో మాట్లాడుతుండగా ఎవరెవరు తలుపు తీశారో, ఎన్నిసార్లు ఫోన్ మోగిందో గీతలు పెట్టించండి. ఆ గీతలు చూశాక మిగతా అడుగుల్లో సగం మీకే తోస్తాయి.

రెండో అడుగు: టోకెన్‌కి గంట జోడించండి

మన క్లినిక్‌లలో టోకెన్ ఉంటుంది, టైమ్ ఉండదు. 32వ టోకెన్ వచ్చినవాళ్లు కూడా ఐదింటికే వచ్చి కూర్చుంటారు, ఎందుకంటే తమ వంతు ఎప్పుడో వాళ్లకి తెలీదు, లేచి వెళ్తే వంతు పోతుందని భయం. అందరూ 5:30కే వచ్చేస్తే, 7 నిమిషాల లెక్కన నలభై మందిలో సగటు మనిషి రెండు గంటల పైనే కూర్చోవాలి. చివరివాళ్లకి నాలుగున్నర గంటలు.

అలాగని కార్పొరేట్ ఆసుపత్రిలా 6:10, 6:17 అని నిమిషాల లెక్కన అపాయింట్‌మెంట్ ఇస్తే మన దగ్గర నిలవదు. బస్సు ఆలస్యమవుతుంది, పిల్లాడు స్కూలు నుంచి రావాలి. అరగంట గంపగుత్తగా ఇవ్వడం మేలు. ‘ఆరు నుంచి ఆరున్నర’ అనే గడిలో నలుగురు, తర్వాతి గడిలో నలుగురు. సగటు 7 నిమిషాలైతే అరగంటకి నాలుగే పడతాయి, ఐదు రాస్తే ఆ ఐదోది రాత్రి పదింటికి తేలుతుంది. ఫోన్‌లో అడిగినవాళ్లకి రిసెప్షన్ చెప్పాల్సిన మాట: “మీది ఆరున్నర టోకెన్ అండీ, ఆరూ ఇరవైకి వస్తే చాలు, బీపీ చూసి లోపలికి పంపిస్తాం.”

ఆసుపత్రి ఔట్ పేషెంట్ అపాయింట్‌మెంట్ల మీద బెయిలీ, వెల్చ్ అనే ఇద్దరు 1952లోనే లాన్సెట్ పత్రికలో లెక్కగట్టి చెప్పిన సంగతి ఒకటుంది: ఓపీ మొదలయ్యే టైమ్‌కి ఇద్దరిని పిలవండి, మిగతావాళ్లని సగటు వ్యవధి చొప్పున పిలవండి. మొదటి మనిషి ఆలస్యంగా వచ్చినా డాక్టరు ఖాళీగా ఉండడు, మిగతావాళ్లకి ఎదురుచూపూ పెద్దగా పెరగదు. డెబ్బై ఏళ్లు దాటినా ఈ చిట్కా మన ఊరి ఓపీకీ పనికొస్తుంది. ఒక షరతు మాత్రం ఆ వ్యాసంలోనూ మారలేదు, ఇక్కడా మారదు: డాక్టరు టైమ్‌కి రావాలి. నర్సింగ్ హోమ్‌లో రౌండ్స్ ఉండి ఆరింటికి గానీ రాలేకపోతే బోర్డు మీద ఆరు అనే రాయించండి. అరగంట ఆలస్యమయ్యే అలవాటును పేషెంట్లు చాలా త్వరగా పసిగడతారు, తర్వాత ఎవరూ టైమ్‌కి రారు.

రోజులో అయిదారు టోకెన్లు ముందుగా ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచండి, గంటకొకటి చొప్పున. హఠాత్తుగా జ్వరంతో వచ్చిన పిల్లాడికి, పల్లె నుంచి ఫోన్ చేయకుండా వచ్చిన పెద్దాయనకి అవి. మీ కొలతల్లో సోమవారం రద్దీ ఎక్కువని తేలితే ఆ రోజు ఖాళీలు రెట్టింపు చేయండి.

ఇక తెలిసినవాళ్ల సంగతి. “డాక్టరు గారు మా బావమరిది క్లాస్‌మేట్, ఒక్క నిమిషం” అంటూ పక్క తలుపు నుంచి దూరేవాళ్లు లేని క్లినిక్ తెలుగునాట లేదు. వాళ్లని ఆపే బాధ్యత ఎనిమిదో పదో వేలు జీతం తీసుకునే అమ్మాయి మీద పెట్టకండి, ఆమె వల్ల కాదు. పక్క తలుపుకి లోపలి నుంచి గొళ్లెం వేయండి. మొహమాటం ఉన్నవాళ్ల కోసం మధ్యాహ్నం ఓపీ అయ్యాక పదిహేను నిమిషాలు విడిగా పెట్టుకుని, “మీరు ఒంటి గంటకి రండి, తీరిగ్గా మాట్లాడుకుందాం” అని మీరే చెప్పండి. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లకీ అంతే, వారంలో రెండు రోజులు, ఒక గంట. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య వాళ్లని పిలిచే అలవాటును బయట కూర్చున్నవాళ్లు అస్సలు క్షమించరు.

మూడో అడుగు: లోపలికి రాకముందే సగం పని

ఈ మార్గదర్శిలో ఒక్కటే అమలు చేయగలిగితే ఇది చేయండి.

డాక్టరు గది బయట ఒక చిన్న బల్ల, రెండు కుర్చీలు, బరువు చూసే మెషీన్, బీపీ మెషీన్, పల్స్ ఆక్సీమీటర్, థర్మామీటర్, గ్లూకోమీటర్. అక్కడ నర్సు గానీ, శిక్షణ ఇచ్చిన అసిస్టెంటు గానీ కూర్చోవాలి. పేషెంటు గదిలోకి వచ్చేసరికి ఓపీ చీటీ మీద ఇవన్నీ రాసి ఉండాలి: వయసు, బరువు, బీపీ, పల్స్, జ్వరం, ఆక్సిజన్ శాతం, ఏం బాధ, ఎన్ని రోజుల నుంచి, ఇప్పుడు వాడుతున్న మందులు, ఏ మందు పడదు, ఆడవాళ్లకి చివరి నెలసరి తేదీ. పాత రిపోర్టులు తేదీల వారీగా సర్ది, కొత్తది పైన.

డాక్టరు గదిలో ఎంత సమయం సంచీ వెతుక్కోవడంలో పోతుందో గమనించారా? కవరులోంచి కవరు తీస్తారు, అందులో అయిదేళ్ల కిందటి ఎక్స్‌రే, కరెంటు బిల్లు, ఆధార్ జిరాక్సు. ఆ రెండు నిమిషాలు బయటి బల్ల దగ్గర గడిచిపోవాలి. మందుల పేర్లు చెప్పలేనివాళ్లని “వాడుతున్న అట్టలన్నీ తెచ్చుకోండి” అని టోకెన్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

బీపీ విషయంలో కొంచెం పట్టుదల ఉండాలి. మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే చూడకూడదు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, మాట్లాడించకుండా చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి పెద్ద సైజు పట్టీ ఒకటి కొని పెట్టుకోండి. బయట తప్పుగా చూస్తే డాక్టరు లోపల మళ్లీ చూడాల్సి వస్తుంది. అప్పుడు ఆ బల్ల ఉన్నా లేనట్టే.

ఆ బల్ల దగ్గరున్న మనిషికి ఇంకో పెద్ద బాధ్యత ఉంది. ఎవరు క్యూలో కూర్చోకూడదో గుర్తుపట్టడం. గోడకి ఒక కాగితం అంటించండి: గుండెలో నొప్పి లేదా బరువు, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఫిట్స్, పాము కాటు, పురుగుమందు తాగడం, గర్భిణికి రక్తస్రావం లేదా విపరీతమైన తలనొప్పి, మూడు నెలల లోపు పసిబిడ్డకి జ్వరం, పాలు తాగని బిడ్డ, జ్వరం తగ్గుతూ ఒళ్లు చల్లబడి కళ్లు తిరగడం. వీళ్లలో ఎవరొచ్చినా టోకెన్ అడగకుండా తలుపు తట్టి చెప్పాలి. గుండె నొప్పికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. పక్షవాతానికి రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. అందులో గంట మన వరండాలోనే పోతే ఆ మనిషి కాలూ చెయ్యీ వెనక్కి రాకపోవచ్చు. సీటీ స్కాన్ ఎక్కడ రాత్రంతా ఉంటుందో, ఏ ఆసుపత్రిలో ఆ ఇంజెక్షన్ ఇస్తారో, పాము కాటు మందు ఎక్కడ నిల్వ ఉంటుందో ఫోన్ నంబర్లతో సహా ఆ కాగితం కిందే రాసి ఉంచండి. 108కి ఎవరు ఫోన్ చేయాలో కూడా ముందే పేరు పెట్టి చెప్పండి.

నాలుగో అడుగు: గదిలో జరిగేది, గది బయట జరగాల్సింది

గదిలో మీరు చేయాల్సినవి నాలుగు: వినడం, చూడడం, తేల్చడం, రాయడం. మందులు ఎలా వేసుకోవాలో మూడోసారి చెప్పడం మీ పని కాదు.

వినడం దగ్గర తొందర పడకండి. మొదటి నిమిషం అడ్డు తగలకుండా పేషెంటుని మాట్లాడనిస్తే చాలా వరకు అసలు బాధ అందులోనే బయటపడుతుంది. లేకపోతే చీటీ చేతికిచ్చాక, లేచి తలుపు దాకా వెళ్లి, “అన్నట్టు డాక్టర్ గారూ, రాత్రుళ్లు గుండె దడగా ఉంటోంది” అంటారు. అక్కడి నుంచి కథ మళ్లీ మొదలు. ఆ ఇబ్బంది లేకుండా, చీటీ రాసే ముందే “ఇంకేమన్నా అడగాలనుకున్నారా?” అని ఒక్క మాట అడగండి.

చీటీ విషయానికొస్తే, డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని, మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో, జెనరిక్ పేర్లతో (కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరుతో) రాయాలని మెడికల్ కౌన్సిల్ డాక్టర్లకి పెట్టిన వృత్తి నియమావళే చెబుతోంది. చట్టం మాట అటుంచినా, అర్థం కాని రాత వల్ల మెడికల్ షాపు నుంచి వచ్చే ఫోన్లు, తిరిగొచ్చే పేషెంట్లు మీ సమయాన్నే తింటారు. మీరు రోజూ రాసేది పదిహేను ఇరవై రకాల చీటీలే. వాటిని కంప్యూటర్‌లో నమూనాలుగా పెట్టుకుని, పేషెంటుని బట్టి మోతాదు మార్చి ప్రింటు తీస్తే నిమిషం మిగులుతుంది. ఒక జాగ్రత్త: నమూనాలో ఉన్న మందు అవసరం లేకపోయినా అలాగే వెళ్లిపోతుంది. పిల్లల చీటీలకి బరువు వేయకుండా ప్రింటు రాని ఏర్పాటు ఉంటేనే వాడండి.

మందులు వివరించడం గది బయటే. అసిస్టెంటు అట్టల మీద మార్కర్‌తో ‘పొద్దున తిన్నాక’, ‘రాత్రి తినకముందు’ అని తెలుగులో రాసి, చివర్లో పేషెంటు చేతే ఒకసారి చెప్పించాలి. “ఏది ఎప్పుడేసుకుంటారమ్మా, ఒకసారి చెప్పండి.” అర్థమైందా అని అడిగితే అందరూ అయిందనే అంటారు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్, ఇన్‌హేలర్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఇది తప్పనిసరి.

ఇంజెక్షన్ వేయమనే ఒత్తిడి సంగతి అందరికీ తెలిసిందే. జలుబుకి సూది అక్కర్లేదని ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. వరండాలో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టి, స్టాఫ్ కూడా అదే మాట చెబితే మీ దగ్గరికొచ్చేసరికి వాదన సగం అయిపోయి ఉంటుంది. మీరు ఒకరికి వద్దని, వెనకాల వచ్చిన సర్పంచ్ గారికి వేస్తే మాత్రం బోర్డు తీసేయడమే మంచిది.

ఐదో అడుగు: రిపోర్టు పేషెంట్లకి వేరే దారి

మీ వారం కాగితాల్లో ‘రిపో’ గీతలు ఎన్ని వచ్చాయో చూడండి. పొద్దున పరీక్షలు రాసి, సాయంత్రం మళ్లీ అదే క్యూలో కూర్చోబెడితే ఒక్క జబ్బుకి రెండు టోకెన్లు ఖర్చయినట్టు. రిపోర్టులకి ఓపీ మధ్యలో రెండు గడులు, ఏడు గంటలకి ఇరవై నిమిషాలు, ఎనిమిదిన్నరకి ఇరవై నిమిషాలు కేటాయించండి. రెండేసి నిమిషాల పని అవి, వరసగా చూస్తే త్వరగా తెములుతాయి. అన్నీ నార్మల్‌గా ఉండి, మందు మార్చాల్సిన పని లేకపోతే ఫోన్‌లో చెప్పి పంపించేయొచ్చు.

బీపీ, షుగర్, థైరాయిడ్ పేషెంట్ల విషయంలో ఈ రెండో రాకడే లేకుండా చేయొచ్చు. వచ్చేసారి ఏ పరీక్షలు కావాలో ఈసారి చీటీ మీదే రాసి, “వచ్చే ముందు రోజు చేయించుకుని రిపోర్టుతో రండి” అని చెప్పండి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీకి పరగడుపున ఉండాల్సిన పనే లేదు, ఏ టైమ్‌లోనైనా ఇవ్వొచ్చు. ఫాస్టింగ్ షుగర్‌కి మాత్రం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. ఈ తేడా తెలీక పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి, రిపోర్టుకి ఒకసారి తిరిగేవాళ్లు ఎంతమందో.

వీళ్లందరినీ రద్దీ తక్కువుండే రోజుకి, ఉదాహరణకి బుధవారం పొద్దునకి మళ్లించండి. అందరివీ ఒకే రకం ప్రశ్నలు, ఒకే రకం పరీక్షలు. పాదాలు చూడడం, కిడ్నీ పరీక్ష, ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష గుర్తుచేయడం, అన్నీ ఒక పట్టిక ప్రకారం నర్సే పూర్తి చేయగలదు. మామూలు సాయంత్రం ఓపీలో పాదాలు చూసే తీరిక ఎవరికి ఉంది?

ఆరో అడుగు: రికార్డులు

కాగితమా, కంప్యూటరా అన్న చర్చలో నేను మధ్యస్థుణ్ణి. టైపింగ్ రాని డాక్టరు స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంటే పేషెంటుకి తృప్తి ఉండదు, పని కూడా సాగదు. అలాంటప్పుడు చీటీ చేత్తో రాసి, బయట ఫోటో తీసి పేషెంటు నంబరు మీద దాచుకోవడం తేలిక. కావాల్సింది ఒకటే: పేరు గానీ ఫోన్ నంబరు గానీ చెప్పగానే అర నిమిషంలో పాత చీటీ దొరకాలి. ఒకే ఇంటి పేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు కనుక ఫోన్ నంబరు, పుట్టిన ఏడాది కలిపి వెతికేలా పెట్టుకోండి.

కేంద్రం తెచ్చిన ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) 14 అంకెల నంబరు ఉన్నవాళ్లు తమ ఫోన్‌తో క్లినిక్ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వివరాలు నేరుగా పంపొచ్చు. సాఫ్ట్‌వేర్ కొనేటట్టయితే దానికి ఆ సదుపాయం ఉందో లేదో చూసుకోండి. అంతకంటే ముఖ్యంగా, రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మారాలంటే మీ డేటా మొత్తం మీ చేతికి ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. డెమోలో ఎవరూ ఆ ముక్క చెప్పరు.

2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి, పేషెంటు గానీ వారి తరఫువారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్లకి రిజిస్టరు ఉండాలి. వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. వివాదం వచ్చిన రోజున మీ తరఫున మాట్లాడేది ఆ చీటీలో మీరు రాసిన రెండు ముక్కలే. “అడ్మిట్ కమ్మని చెప్పాను, వద్దన్నారు” అని రాసి సంతకం పెట్టించుకోవడానికి పట్టేది ఇరవై సెకన్లు.

ఏడో అడుగు: ఫోనూ వాట్సాపూ

డాక్టరు సొంత నంబరు పేషెంట్లకి ఇవ్వకండి. క్లినిక్‌కి ఒక నంబరు, అందులో వాట్సాప్. ఎవరు చూస్తారో, ఎన్ని గంటల మధ్య జవాబిస్తారో, అర్జెంటుగా ఉంటే 108కి చేయాలనీ స్వయంచాలక సందేశంలో ఉండాలి. స్టాఫ్ టోకెన్, టైమ్, రిపోర్టు వచ్చిందా లాంటివాటికి జవాబివ్వాలి. ‘ఈ మందు వేసుకోవచ్చా’ అన్నవి ఒక నోటుబుక్‌లో రాసి మధ్యాహ్నం మీ ముందు పెట్టాలి.

ఫోన్ ద్వారా వైద్యం చట్టబద్ధమే. 2020 మార్చి 25న కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరు నెలల లోపు నేరుగా చూసిన జబ్బుకే మళ్లీ సంప్రదిస్తే అది ఫాలో అప్ కిందికి వస్తుంది. మత్తు పదార్థాల చట్టం కిందికి వచ్చే మందులు, షెడ్యూల్ ఎక్స్ మందులు (అమ్మకం మీద కఠిన నియంత్రణ ఉన్నవి) ఫోన్ మీద రాయకూడదు. రాసినదాన్ని రికార్డు చేసి ఉంచాలి, ఫీజు తీసుకోవచ్చు. ఊళ్లో అమ్మానాన్న, డాలస్‌లోనో బెంగళూరులోనో పిల్లలు ఉన్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆ పిల్లలు రాత్రి పదకొండుకి ఫోన్ చేసి పెద్దాయన సంగతి అడుగుతారు. వాళ్లకోసం శనివారం ఒక అరగంట వీడియో కాల్ టైమ్ పెట్టి, తక్కువో ఎక్కువో ఫీజు పెడితే అర్ధరాత్రి కాల్స్ తగ్గుతాయి. పెద్దాయన ఒప్పుకున్నాకే పిల్లలకి వివరాలు చెప్పండి.

ఎనిమిదో అడుగు: మందులు, ఫ్రిజ్, చెత్త

ఇంజెక్షన్ వేసే ప్రతి గదిలోనూ ఎమర్జెన్సీ ట్రే ఉండాలి. అందులో అన్నిటికంటే ముందు అడ్రినలిన్. ఇంజెక్షన్ వికటించి బీపీ పడిపోతే పెద్దవాళ్లకి వెయ్యికి ఒక వంతు ద్రావణం అర మిల్లీలీటరు తొడ బయటి వైపు కండకి ఇవ్వాలి. అది ట్రే మీదే రాసి అంటించండి, ఆ క్షణంలో ఎవరికీ లెక్కలు గుర్తురావు. ఆక్సిజన్ సిలిండర్ మీటరు ప్రతి సోమవారం చూసి సంతకం పెట్టాలి. ఎక్స్‌పైరీ తేదీలు నెలకోసారి.

టీకాలు, ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తలుపు అరల్లో టీకాలు పెట్టకూడదు, ఫ్రీజర్‌కి ఆనేలా కూడా పెట్టకూడదు. గడ్డకడితే చాలా టీకాలు పాడవుతాయి, పైకి చూస్తే తెలీదు కూడా. రోజుకి రెండుసార్లు ఉష్ణోగ్రత రాయించండి. ఎండాకాలం కరెంటు కోతల్లో ఇన్వర్టర్ లైన్ మీద ఏసీ కంటే ముందు ఫ్రిజ్ ఉండాలి. స్టాఫ్ పెరుగన్నం డబ్బాకి వేరే చోటు చూపించండి.

చెత్త విషయంలో 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చిన్న క్లినిక్‌కీ వర్తిస్తాయి. రక్తం అంటిన దూది, కట్లు, గడువు తీరిన మందులు పసుపు. సూది తీసిన సిరంజీలు, గ్లౌజులు, ట్యూబులు ఎరుపు. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బా. గాజు సీసాలు, యాంప్యూల్స్ నీలం. 48 గంటలకి మించి నిల్వ ఉంచకూడదు, మునిసిపాలిటీ బండిలో వేయకూడదు, అనుమతి ఉన్న ఏజెన్సీకే ఇవ్వాలి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టడం స్టాఫ్‌కి గుచ్చుకునే ప్రధాన కారణాల్లో ఒకటి. సూది కత్తిరించే కట్టర్ ఇంజెక్షన్ బల్ల మీదే ఉంటే ఆ అలవాటు పోతుంది.

తొమ్మిదో అడుగు: డబ్బు

ఫీజు ఎంతో బోర్డు మీద ఉండాలి. అది నియమం కూడా. రివ్యూ ఎన్ని రోజుల్లోపు ఉచితమో అదే బోర్డు మీద రాయండి, లేకపోతే ఎనిమిదో రోజు వచ్చినవాళ్లతో రిసెప్షన్‌లో రోజూ గొడవే. “అదే జబ్బుకి 7 రోజుల్లోపు ఒకసారి” అని స్పష్టంగా ఉంటే చాలు. పేదవాళ్లకి తగ్గించాలనుకుంటే చీటీ మీద మీరు వేసే ఒక గుర్తు చాలు, అందరి ముందూ బతిమాలించుకోకండి.

నగదు, యూపీఐ రెండూ రాత్రి మూసేముందు టోకెన్ల సంఖ్యతో సరిచూడాలి. యూపీఐ ఖాతా క్లినిక్ పేరు మీదే ఉండాలి, స్టాఫ్ ఫోన్ మీద వద్దు. ల్యాబుల నుంచీ, పెద్దాసుపత్రుల నుంచీ వచ్చే రిఫరల్ కమిషన్లు నియమావళి ప్రకారం నిషిద్ధం. నీతి మాట పక్కన పెట్టి వ్యాపారంగా చూసినా, అవసరం లేని స్కాన్ రాశారని ఒక్క కుటుంబం అనుకుంటే ఆ వీధి మొత్తం తెలుస్తుంది.

లైసెన్సుల గురించి క్లుప్తంగా. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం, తెలంగాణలో కేంద్రం 2010లో తెచ్చిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్య శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి వేరు. ఎక్స్‌రే ఉంటే ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్సు. అల్ట్రాసౌండ్ ఉంటే 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్, ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ (స్కాన్ వివరాలు నింపే ఫారం), మరుసటి నెల 5వ తేదీలోగా నివేదిక. స్కానింగ్ కేంద్రాలు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఫారంలో ఖాళీ వదిలిన గడుల దగ్గరే. అన్నిటి గడువు తేదీలూ ఒకే కాగితం మీద రాసి, రెండు నెలల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

పదో అడుగు: స్టాఫ్

చిన్న క్లినిక్‌లో ఒకరు రాకపోతే ఓపీ కుంటుతుంది. కాబట్టి ప్రతి పనీ ఇద్దరికి వచ్చి ఉండాలి. రిసెప్షన్ అమ్మాయికి బీపీ చూడడం, నర్సుకి బిల్లు కొట్టడం. ఎవరేం చేయాలో ఒక పేజీలో తెలుగులో రాసి గోడకి పెట్టండి. కొత్తవాళ్లు వచ్చినప్పుడు మీరు మొదటి నుంచి చెప్పక్కర్లేదు.

జీతం పక్క క్లినిక్ కంటే కొంచెం ఎక్కువ ఇవ్వండి. పేషెంట్ల ముఖాలు, ఇంటి పేర్లు, ఎవరికి ఏ మందు పడదో గుర్తున్న మనిషి వెళ్లిపోతే ఆ నష్టం ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. పేషెంట్ల ముందు స్టాఫ్‌ని కసురుకోకండి. మీరు కసిరితే రేపటి నుంచి వాళ్లూ వీళ్లూ అందరూ కసురుతారు. ఆలస్యమైనప్పుడు మొదట తిట్లు తినేది వాళ్లే. “డాక్టరు గారికి ఎమర్జెన్సీ వచ్చింది, ఇంకో నలభై నిమిషాలు పడుతుంది, ఉంటారా, రేపు పొద్దున మొదటి టోకెన్ ఇవ్వమంటారా?” అని అడగడం నేర్పించండి. వరండాలో గొడవలు ఎక్కువగా ఆలస్యం వల్ల రావు, ఎంత ఆలస్యమో ఎవరూ చెప్పకపోవడం వల్ల వస్తాయి. చెయ్యి చేసుకునేదాకా వస్తే, వైద్య సిబ్బంది మీద దాడుల నిరోధానికి 2008లో ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన చట్టం ఉంది. సీసీ కెమెరా రిసెప్షన్ వైపు ఉండాలి, పరీక్ష చేసే గదిలో కాదు.

జ్వరాల సీజన్‌కి ముందు

పై లెక్కలన్నీ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తలకిందులవుతాయి. వానలు పడ్డాక డెంగీ, మలేరియా, వైరల్ జ్వరాలు ఒకేసారి వస్తాయి, నలభై మంది ఓపీ డెబ్బై అవుతుంది. జూలైలోనే ఏర్పాట్లు చేసుకోండి. ఓపీని గంట ముందు మొదలుపెట్టడం, ఆ మూడు నెలలకి ఒక అదనపు అసిస్టెంటు, జ్వరం పేషెంట్లకి విడిగా కూర్చునే చోటు, దోమలు రాకుండా కిటికీలకి మెష్.

డెంగీ అనుమానం ఉన్నవాళ్లకి రోజూ రక్త పరీక్ష, రోజూ రివ్యూ ఉంటుంది. వాళ్లని సాయంత్రం క్యూలో కలపకుండా పొద్దున ఎనిమిదింటికి అరగంట గడి పెట్టండి. బీపీ, పల్స్, మూత్రం ఎన్నిసార్లు వెళ్లారు, కడుపు నొప్పి, వాంతులు, రక్తస్రావం, ప్లేట్‌లెట్లు, హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పరీక్ష), ఇవన్నీ ఒకే చార్టు మీద రోజువారీగా ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. జ్వరం తగ్గిన రోజు ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుని రావడం మానేస్తారు. డెంగీలో ప్రమాదం ఎక్కువగా వచ్చేది అప్పుడే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగుతున్నప్పుడు. కాబట్టి ఆ చార్టులో ఉన్న పేషెంటు పొద్దున రాకపోతే తొమ్మిదింటికల్లా రిసెప్షన్ నుంచి ఫోన్ వెళ్లాలి. ఎత్తకపోతే ఇంట్లో రెండో నంబరుకి. ఆ రెండో నంబరు మొదటి రోజు టోకెన్ ఇచ్చేటప్పుడే అడిగి రాసుకోవాలి.